కోసిన గొట్టం

మా అమ్మాయి సౌజన్య కారు వీధి మలుపు తిరగకముందే, సైలెన్సర్ మార్చిందని నాకు తెలిసిపోయింది. మార్కాపురంలో మా వీధి సన్నది. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అంత సన్న వీధిలోకి ఆ మోత వచ్చేసరికి ఎదురింటి ముసలమ్మ చెవులు మూసుకుంది. గోడ మీద పిల్లి దూకి పారిపోయింది. నేను వంటింట్లో కొర్రలు కడుగుతున్నాను. ఆ మోతకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, నన్ను బయటికి పరుగెత్తించింది అది కాదు. మోత అడుగున ఇంకో సన్నని చప్పుడు ఉంది. చిస్, చిస్ అని, ఆగి ఆగి, ఇంజను కొట్టుకునే లెక్కలోనే. నలభై ఏళ్ళు దాటినా నా చెవి ఆ చప్పుడును మరిచిపోలేదు.

"అమ్మా, తల పగిలిపోతాంది," అంటూ దిగింది సౌజన్య. "నంద్యాల దాటి ఘాటు రోడ్డు ఎక్కినప్పటినుంచి ఇదే. గిద్దలూరులో టీ తాగినా తగ్గలా. కాస్త కాఫీ పెట్టు."

"అద్దాలు మూసుకొని వచ్చినావా?"

"ఏసీ వేసుకొని ఎవరైనా అద్దాలు తెరుస్తారా? ఏందమ్మా అట్ల చూస్తావు?"

కాఫీ పెట్టలేదు. చెయ్యి పట్టుకొని పెరట్లోకి లాక్కుపోయి, గాలి తగిలేచోట కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గట్టిగా గాలి పీల్చమన్నాను, లోపలికి రావద్దన్నాను. తాళాలు తీసుకొని వీధిలోకి వచ్చి, తలుపులు నాలుగూ తెరిచి ఇంజను స్టార్ట్ చేశాను. తువ్వాలు తడిపి మడతపెట్టి వెనక గొట్టం మూతికి అడ్డం పట్టాను. బుస ఒక్కసారిగా పెరిగింది. సరిగ్గా డ్రైవరు సీటు కింద, రెండు గొట్టాలు కలిసే జాయింటు దగ్గర. అరవై దాటిన రిటైర్డ్ తెలుగు టీచరు నడివీధిలో మోకాళ్ళ మీద వంగి కారు కిందికి తొంగిచూడటం వీధంతా చూసింది. చూడనీ అనుకున్నాను.

తలనొప్పి కాస్త తగ్గాక సౌజన్య సంగతంతా చెప్పింది. బెంగుళూరులో తను రోజూ ఆఫీసుకు పోయేది ఈ కారులోనే. ఏడాదికి రెండు మూడుసార్లు మద్రాసు దగ్గర రేసు ట్రాకుకు తీసుకుపోతుంది. అక్కడ ఎవరి కారు వాళ్ళు తెచ్చుకొని, గడియారంతో పందెం పెట్టుకున్నట్టు తిప్పుతారట. అందుకోసం కంపెనీ సైలెన్సరంతా ఊడపీకించి, ముందు నుంచి వెనకదాకా తిన్నటి గొట్టం వేయించింది. మధ్యలో చప్పుడు తగ్గించే డబ్బా లేదు, పొగలోని విషాన్ని విరిచే భాగం లేదు. "ఇంజను ఫ్రీగా ఊపిరి తీసుకుంటాదమ్మా," అంది. తీరా ట్రాకు గేటు దగ్గర చప్పుడు కొలిచే మీటరు పెట్టి, ఇంత మోత పనికిరాదని వెనక్కి పంపించారట. ఇప్పుడు వేరేది వేయించాలి. ఫోనులో మూడు బొమ్మలు చూపించింది. ఒకదానికి మధ్యలోనూ వెనకా రెండు డబ్బాలు. ఒకదానికి వెనక మాత్రమే. మూడోదానికి బటన్ నొక్కితే తెరుచుకునే మూత, రోడ్డు మీద మూసుకోవచ్చు, ట్రాకు మీద తెరుచుకోవచ్చు. "తాత సైలెన్సర్లు చేసేవాడు కదా. నీకేమన్నా తెలుసా, ఏది బాగుంటాది?"

అప్పుడు అరిచాను. ఏమని అరిచానో రాయను. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, నా మీద ఏనాడూ గొంతు లేపనిది, బిత్తరపోయి చూసింది. పాపం, దానికేం తెలుసు? దాని మేనమామ అంటే మంచం మీద కూర్చొని ఉండే, చేతులు వణికే మనిషి అని మాత్రమే దానికి గుర్తు. ఎందుకు వణికేవో నేనెప్పుడూ చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా నాయనకు కంభం రోడ్డులో గ్యాస్ వెల్డింగ్ షెడ్డు ఉండేది. షెడ్డు వెనకే మా ఇల్లు. ఇల్లంటే రెండు గదులూ, వంటకు ఒక రేకుల చూరూ. ఏ మూల నిలబడినా కార్బైడు వాసన వచ్చేది, కుళ్ళిన వెల్లుల్లిని తడిగుడ్డలో మూటగట్టినట్టు. డ్రమ్ములో కార్బైడు రాళ్ళేసి నీళ్ళు పోస్తే గ్యాసు పుడుతుంది. దానితో నాయన ఇనుము అతికేవాడు. అడుగున మిగిలే తెల్లటి ముద్దను అమ్మ పారేయనిచ్చేది కాదు. నీళ్ళు కలిపి గోడలకు సున్నంగా కొట్టేది. మా ఇల్లు వీధిలో అందరి ఇళ్ళకన్నా తెల్లగా ఉండేది, అందరి ఇళ్ళకన్నా కంపు కొట్టేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు ముడిచేవాళ్ళు, నేను సిగ్గుతో జరిగి కూర్చునేదాన్ని. అప్పుడు సిగ్గుపడినందుకు ఇప్పుడు నా మీద నాకే మంటగా ఉంటుంది.

గొట్టం వంచడం మా ఇంట్లో సగం వంటపని. ఇనుప గొట్టాన్ని ఊరికే వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక దట్టించి, రెండు మూతులకూ కొయ్య బిరడాలు కొట్టి, బొగ్గుల మీద ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుకలో చెమ్మ మిగిలిందా, అది ఆవిరై బిరడాను తుపాకి గుండులా తన్నేస్తుంది. ఒకసారి అట్లా తన్ని నాయన ఎడమ చెంప చీలిపోయింది. ఆ రోజునుంచి ఇసుక పని అమ్మ ఎవరికీ వదల్లేదు. సజ్జరొట్టెలు కాల్చడం అయ్యాక అదే పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టి, గుండ్లకమ్మ ఏటి ఇసుకను అట్లకాడతో తిప్పుతూ వేయించేది. చిటికెడు తీసి అరచేతిలో పోసుకొని, వేళ్ళ సందుల్లోంచి అది నీళ్ళలా జారిపోయేదాకా దించేది కాదు. కాలిన ఇసుక వాసన, మాడిన రొట్టె వాసన, కార్బైడు వాసన కలిపితే నా చిన్నతనం. దాన్ని ఎవరైనా మట్టివాసన అని మురిసిపోతే నాకు ఒళ్ళు మండుతుంది. అది మూడు పూటలా మా అమ్మ కళ్ళల్లో నీళ్ళు తెప్పించిన పొగ.

రేకులు కొట్టి కొట్టి నాయన చెవులు అప్పటికే సగం పోయాయి. ఇంజను ఎట్లా ఉందో ఆయన అరచేత్తో వినేవాడు. బానెట్ మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకొని, పెదవులు కదుపుతూ నిలబడేవాడు. ఒక్క లీకు మాత్రం చేతికి అందేది కాదు. దానికి నేను కావాలి. వెనక గొట్టానికి తడిగోనె అడ్డంపెట్టి ఇంజను తిప్పితే, పొగ ఎక్కడ సందు దొరికితే అక్కడ బుసకొడుతూ బయటికి వస్తుంది. "యాడ పాపా?" అని అడిగేవాడు. నేను వేలుపెట్టి చూపిస్తే అక్కడ మళ్ళీ అతికేవాడు. "నా చెవులు నా కూతురు దగ్గరుండాయి," అని లారీ డ్రైవర్లతో చెప్పి నవ్వేవాడు. పది పాసై, పైచదువుకు ఎట్లా పోవాలో తెలియక ఇంట్లో ఉన్న పదిహేడేళ్ళ పిల్లకు ఆ మాట ఎంత గొప్పగా ఉండేదో!

మా అన్న నాకన్నా ఐదేళ్ళు పెద్ద. ఊళ్ళో ఒక పలకల ఫ్యాక్టరీ ఓనరు దగ్గర కారు డ్రైవరు. రాష్ట్రంలో పిల్లలంతా అక్షరాలు దిద్దుకునే పలకలు మా ఊరి రాయితోనే చేసేవాళ్ళు. ఆ రాళ్ళు కోసేవాళ్ళ తలవెంట్రుకలు, కనురెప్పలు ఎప్పుడూ బూడిద రంగులో ఉండేవి. ఆ ఓనరుకు అప్పటికి ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. తెల్లబట్టలు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. చుట్టరికం ఏమీ లేకపోయినా మా నాయనను "మామా" అనేవాడు, అమ్మను "అత్తా" అనేవాడు. షెడ్డుకు వస్తే మా నులకమంచం మీదే కూర్చొని మజ్జిగ అడిగి తాగేవాడు. ఫ్యాక్టరీ లారీలన్నీ మా షెడ్డుకే వచ్చేవి. మా తిండి అంతా ఆ లారీలే. ఆ తీయటి పిలుపు వెనక ఏముందో నాకు తెలియకముందు, ఆయన వస్తే నేను కూడా సంబరపడిన మాట దాచను.

ఆయనకు ఒక ఫియెట్ కారు ఉండేది. మద్రాసు దగ్గర, పాతకాలపు విమానాలు దిగే బాటమీద కార్ల పందేలు జరుగుతాయని ఎవరో చెప్పారు. ఆ కారుతోనే పోవాలని పట్టుపట్టాడు. పందేనికి వేరే కారు కొనుక్కునేంత పిచ్చి లేదు గానీ, ఉన్న కారు పందెపు కారులా కనబడాలి. బరువు తగ్గాలని వెనక సీటు పీకించాడు, కింద పరిచిన రబ్బరు పీకించాడు. సీటు బోల్టులు ఊడిన చోట నేల రేకుకు బొక్కలు అట్లాగే ఉండిపోయాయి. తరువాత సైలెన్సర్ కోసం షెడ్డుకు వచ్చాడు.

"లావు గొట్టం వెయ్యి మామా. లారీ గొట్టమంత లావు. డబ్బా తీసి పారేయ్. ఊర్లోకి వస్తాంటే ఫ్యాక్టరీ దగ్గర ఇనబడాల."

నాయన వంటింటి వైపు చూసి, అమ్మ ఊదుగొట్టం తెమ్మన్నాడు. "ఇది చూడు అయ్యా. సన్నంగా ఉండబట్టి కదా ఊదితే నిప్పు రాజుకుండేది. దీని బదులు వెదురుబొంగు పెట్టి ఊదితే ఏముంటాది? పొగ గూడా అంతే. గొట్టం మరీ లావైతే దానికి ఊపు ఉండదు. పైస్పీడులో కొంచెం మేలేమో గానీ, మలుపు తిరిగి మళ్ళా లాగేటప్పుడు ఇంజను ఏడుస్తాది. చప్పుడు ఏరు, బలం ఏరు."

"మరేం చేద్దామంటావు?"

"రోడ్డుకు ఒకటి, పందేనికి ఒకటి. ముందు గొట్టం ఒకటే ఉంటాది. సీటు కింద జాయింటు పెడతా, మూడు బోల్టులు. రోడ్డు మీద పోయేటప్పుడు డబ్బా ఉండే గొట్టం. ఆడికి పోయినాక అది ఇప్పి తిన్నటి గొట్టం బిగించుకో. అయితే రెండూ వెనక బంపరు దాటి బయటికి రావాల. పొగ మనిషి కింద తిరగగూడదు. అది ఒక్కటీ మరిచిపోవద్దు."

ఎనిమిది రోజులు పట్టింది. అమ్మ ఎన్ని మూకుళ్ళ ఇసుక వేయించిందో! వంపులు వెనక చక్రం ఇరుసు మీదుగా పోవాలి, అది ఎగిరినప్పుడు తగలకూడదు, పెట్రోలు ట్యాంకుకు వేడి తగలకూడదు. నాయన కారు కింద వెల్లకిలా పడుకొని అట్టముక్కలు కత్తిరించి కొలతలు చూసుకునేవాడు. జాయింటుకు రాగి రేకు, ఆస్బెస్టాస్ కలిపి వాషరు చేశాడు. తడిగోనె పెట్టి చూస్తే ఎక్కడా బుస లేదు. నేనే చూసి చెప్పాను. మా అన్న నడిపి వచ్చి, "నాయనా, కారు జారినట్టు పోతాంది," అన్నాడు. సౌజన్య ఫోనులో చూపించిన మూడో బొమ్మ, రోడ్డుకూ ట్రాకుకూ రెండు దారులున్నది, మా నాయన మూడు బోల్టులతో చేసిన పనే. బళ్ళో అడుగుపెట్టని మనిషి ఆయన. ఆ పని అట్లాగే ఉండనిచ్చి ఉంటే!

ఉండనివ్వలేదు. ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం ఓనరు వచ్చి, ఇంజను రేజ్ చేసి విన్నాడు. మొహం ముడుచుకున్నాడు. "ఇదేంది మామా, లెక్చరర్ కారు మాదిరి ఉంది. డబ్బా ఒద్దు, తిన్నటి గొట్టమూ అంత పొడుగు ఒద్దు. ఈడ కొయ్యి," అని డ్రైవరు తలుపు కింద చెప్పుకాలితో చూపించాడు.

నాయన కొయ్యనన్నాడు. పొగ లోపలికి వస్తుందన్నాడు. ఓనరు నవ్వి మళ్ళీ చెప్పాడు. నాయన మళ్ళీ కొయ్యనన్నాడు. అప్పుడు ఓనరు మంచం మీద నుంచి లేవకుండా, మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "సరే మామా. ఒంగోలు పోయి కోపిస్తా. లారీలు గూడా ఇంక ఆడికే పోతాయి," అన్నాడు. అంతే. గొంతు పెంచలేదు. మామా అనడం మానలేదు.

నాయన హాక్సా తీసుకొని కారు కిందికి దూరాడు. రంపం చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. తెగి కింద పడిన ముక్క మీద అమ్మ వేయించిన ఇసుక చార ఒకటి ఇంకా అంటుకొని ఉంది. వెనక ఆసరా పోయేసరికి మిగిలిన గొట్టం వేలాడుతూ అదరడం మొదలుపెట్టింది. ఆ అదురుకు జాయింటు వదులైంది. నేను గోనె తడిపి పెట్టి చూశాను. చిస్, చిస్.

"నాయనా, జాయింటు దగ్గర పోతాంది. నేల రేకు బొక్కల దగ్గరనే."

నాయన నా మాటనే ఓనరుకు చెప్పాడు. ఒక పూట ఆగితే కొత్త వాషరు వేసి, పట్టీ కట్టి, నేల బొక్కలు రేకుతో మూస్తానన్నాడు. ఓనరు నన్ను ఎగాదిగా చూసి, "ఆడపిల్ల చెవులతో నడిపిస్తావా మామా షెడ్డు? మద్రాసు పోయొచ్చినాక చూద్దాం లే," అన్నాడు. అప్పుడు మా అన్న ఇంజను రేజ్ చేశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళంతా ఆగి చూశారు. "పులి మాదిరి ఉంది కదా పాపా!" అని నావైపు చూసి కన్నుకొట్టాడు. ఇరవై రెండేళ్ళవాడు. వాడికి ఆ చప్పుడు నచ్చింది. ఈ ముక్క కూడా రాయాలి. రాయకపోతే అబద్ధమవుతుంది.

మర్నాడు పొద్దున వాన. ఓనరు తన జీపులో ముందు పోయాడు. అన్న ఒక్కడే ఫియెట్‌లో వెనక పోయాడు. అద్దాలు ఎక్కించుకో, సీటు తడిస్తే ఊరుకోనని ఓనరు చెప్పి మరీ పోయాడు. కనిగిరి దాటి పామూరు చేరేసరికి జీపు వెనక కారు లేదు. ఓనరు టీ తాగి, సిగరెట్టు కాల్చి, అప్పటికీ రాకపోతే వెనక్కి తిరిగాడు. కారు రోడ్డు దిగి కందిచేలో నిలబడి ఉంది. మా అన్న స్టీరింగు మీద తలవాల్చి పడి ఉన్నాడు. మొహమంతా ఎర్రగా, నోటివెంట వాంతి. ఓనరు తలుపు తెరిచి మొదట చేసిన పని చెంప మీద కొట్టడం. "తాగినావురా నాకొడకా!" అన్నాడట. ఆ మాట జీపు డ్రైవరు తరువాత మాకు చెప్పాడు.

పామూరు ఆసుపత్రిలో అన్నను దింపేశారు. కారుకు బంపరు మాత్రమే వంగింది. ఓనరు దాన్ని కడిగించి, వాంతి వాసనకు అద్దాలన్నీ తెరుచుకొని, తానే నడుపుకుంటూ మద్రాసు పోయాడు. అద్దాలు తెరిచి ఉండబట్టి ఆయనకేమీ కాలేదు. పందెంలో తిప్పాడు. ఏదో ఒక కప్పు కూడా వచ్చింది. మాకు కబురు పంపలేదు. మా ఊరి డ్రైవరు ఒకడు పామూరులో పడి ఉన్నాడని, మూడు రోజుల తరువాత సంతకు పోయిన లారీ డ్రైవరు వచ్చి చెబితే తెలిసింది. ఆ మూడు రోజులూ అమ్మ, వాడు మద్రాసులో ఏం తింటున్నాడో అనుకుంటూ ఉంది.

మేం పోయేసరికి అన్న కళ్ళు తెరిచి ఉన్నాడు. అమ్మను గుర్తుపట్టాడు. నన్ను చూసి, కాసేపు ఆలోచించి, "మా పాప యాడ?" అని నన్నే అడిగాడు. డాక్టరు కుర్రాడు, మర్యాదస్తుడు. నాయనను పక్కకు పిలిచి చెప్పాడు. తాగిన వాసన అసలు లేదన్నాడు. ఇంజను పొగలో వాసన తెలియని విషం ఒకటి ఉంటుందని, మూసిన కారులో అది నిండితే మొదట తలనొప్పి వస్తుందని, తరువాత మగతగా ఉంటుందని, మనిషికి తెలియకుండానే మెదడుకు గాలి అందకుండా పోతుందని చెప్పాడు. నాయనకు సగం వినబడలేదు. నేను చెవి దగ్గర నోరుపెట్టి, ఒక్కొక్క మాటా మళ్ళీ చెప్పాను. ఆయన మొహం చూస్తూ చెప్పాను. ఆ పని నాకు పడకుండా ఉండాల్సింది.

ఓనరు తిరిగివచ్చిన రోజు ఫ్యాక్టరీ ముందు డప్పులు కొట్టించాడు. కారుకు పూలదండ వేశారు. రాళ్ళు కోసేవాళ్ళను పని ఆపి నిలబడమన్నారు. కారు వచ్చి ఆగి, మూడుసార్లు గర్జించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాయన వెళ్ళొద్దన్నా నేను పోయాను. ఓనరు కప్పు పట్టుకొని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. జనంలోంచి ముందుకు పోయి అడిగాను.

"మా అన్న తాగినాడని చెప్పినావంట. డాక్టరు తాగలేదన్నాడు. పొగ పీల్చినాడన్నాడు. కొయ్యొద్దని మా నాయన రెండుసార్లు చెప్పె. జాయింటు పోతాందని నేను చెప్తి. నువ్వే కదా పోయొచ్చినాక చూద్దామనింది. ఇప్పుడు వొచ్చినావు కదా, చూడు."

డప్పులు ఆగిపోయాయి. ఓనరు నన్ను చూడలేదు. నా వెనకాలే పరుగెత్తుకొచ్చిన నాయనను చూశాడు. "ఏం మామా, అతుకు సరిగ్గా వెయ్యకుండా పంపించి, ఇప్పుడు కూతురికి మాటలు నేర్పినావా? కోసింది నువ్వు కాదా?"

నాయన నా రెక్క పట్టుకున్నాడు. "చిన్నపిల్ల అయ్యా. తెలీక మాట్లాడింది. మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు. తల వంచాడు. నలభై ఏళ్ళు పైబడినా ఆ వంచిన తల నా కళ్ళముందు నుంచి పోలేదు. ఓనరు మీద కోపం ఒక రకం, అది ఎండలాంటిది, దాచుకోనక్కరలేదు. నాయన మీద వచ్చిన కోపం అట్లాంటిది కాదు. అది అన్నం తింటుంటే వచ్చేది, ఆయన దగ్గుతుంటే వచ్చేది, ఆయనకు మందు తెచ్చి ఇస్తూ ఉండగానే వచ్చేది.

అన్న మళ్ళీ కారు ఎక్కలేదు. చేతులు వణికేవి. చెప్పిన మాట గంటకు మరిచేవాడు. పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళో మాత్రం "తాగి కారు చేలోకి తోలినోడు" అన్న పేరు నిలిచిపోయింది. నేను టీచరునై, పెళ్ళిచేసుకొని, ఈ వీధిలో ఇల్లు కట్టుకున్నాక అన్నను తెచ్చి నా దగ్గరే పెట్టుకున్నాను. మా ఇంటికి వచ్చినవాళ్ళు కూడా గొంతు తగ్గించి, "ఇప్పుడు మానేసినాడా?" అని అడిగేవాళ్ళు. వాడు ఒక్క చుక్క ముట్టి ఎరగడు.

లారీలు మా షెడ్డుకు వస్తూనే ఉన్నాయి. నాయన వాటికి పని చేస్తూనే ఉన్నాడు. ఒక్కటి మాత్రం మారింది. గొట్టం మనిషి కూర్చునే చోటు దాటకుండా ఏ బండినీ ఆయన షెడ్డు దాటనివ్వలేదు. ఎవరెంత అరిచినా, వేరేచోటికి పోతామని బెదిరించినా, "పోండి" అనేవాడు. అంత ధైర్యం ఆ ఒక్క మధ్యాహ్నం ఎక్కడికి పోయిందని నేను మనసులో అడుగుతూనే ఉండేదాన్ని. చివరి రోజుల్లో, చెవులు పూర్తిగా పోయాక, ఒకసారి నేను గంజి తాగిస్తుంటే, "కోసింది నా చెయ్యే పాపా," అన్నాడు. ముందూ వెనకా ఏమీ లేదు. అంతే అన్నాడు. "అవును నాయనా, నువ్వే," అన్నాను. ఆయనకు వినబడలేదు. కానీ నా పెదవులు చూస్తూనే ఉన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు వీలు దొరకలేదు. అందుకని ఇప్పుడు నా మీద కూడా కోపంగానే బతుకుతున్నాను.

ఇదంతా విని సౌజన్య, "నాకెవరూ బెదిరించి వెయ్యలేదమ్మా. నేనే కోరి వేయించుకున్నా," అంది. నాకు మండింది కూడా అక్కడే. మా నాయనకు డాక్టరు చెప్పేదాకా ఆ విషం పేరు తెలియదు. దీని చేతిలో ఫోను ఉంది, అడిగితే అన్నీ చెబుతుంది. అడిగింది మాత్రం చప్పుడు ఎట్లా ఉంటుందనే. ట్రాకు గేటు దగ్గరవాళ్ళు కూడా అంతే. మీటరు పెట్టి బయటివాళ్ళ చెవులకు ఎంత మోతో కొలిచారు, తిప్పి పంపించారు. లోపల కూర్చున్న పిల్ల ఏం పీలుస్తోందో ఒక్కరైనా వంగి చూశారా?

రెండు రోజులు కారు కదలనివ్వలేదు. కంభం రోడ్డులో ఇప్పుడున్న వెల్డింగు షాపు అతన్ని ఇంటికే పిలిపించాను. జాయింటు విప్పి కొత్త వాషరు వేయించాను. ఎన్ని రబ్బర్ల మీద గొట్టం వేలాడుతోందో లెక్కపెట్టించాను, కారు నేల రేకుకు ఎక్కడ బొక్క ఉన్నా మూయించాను. పని అయ్యేదాకా తలమీద నిలబడ్డాను. "అమ్మా, మీరు టీచరా, మెకానిక్కా?" అన్నాడతను. అద్దాలు తెరుచుకునే బెంగుళూరు పోతానని సౌజన్య చేత ఒట్టు వేయించుకొని పంపాను. అక్కడికి పోయాక అది కంపెనీ వాళ్ళ విషం విరిచే భాగం తిరిగి పెట్టించింది. రెండు డబ్బాలున్న మొదటి రకాన్ని ఎంచుకుంది. బటన్ రకం ఎందుకు వద్దన్నావని అడిగితే, "మూత ఉంటే తెరవబుద్ధి అవుతాది," అంది. కారులో పొగ చేరితే కూసే చిన్న యంత్రం ఒకటి కొనుక్కుంది. పోయిన నెల ట్రాకు వాళ్ళు లోపలికి పోనిచ్చారట. నలుగురిలో మూడో స్థానంలో వచ్చాను, అయినా తలనొప్పి లేదు అని ఫోను చేసి చెప్పింది.

అదే ఫోనులో, "అమ్మా, ఆ ఓనరు పేరు రాయి. అందరికీ తెలియాల," అంది. చాలా ఆలోచించాను. రాయలేదు. భయమేమీ లేదు, ఆయన పోయి ఏళ్ళయింది. ఆ పేరు ఊళ్ళో బడి గోడ మీద ఉంది, బస్సు షెల్టరు మీద ఉంది, నీళ్ళ ట్యాంకు మీద ఉంది. ఇంకోచోట దాన్ని అచ్చువేయడానికి నాకు మనసొప్పలేదు. మా అన్న పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. పోయాక అందులోంచి కూడా తీసేశారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మా అన్న పేరు వెంకటరమణ. కారు డ్రైవరు. పామూరు దగ్గర కారు కందిచేలోకి పోయిన రోజు, ఆయన తాగలేదు.